దిగిన సైకిలు మరల ఎక్కుట

(మన సంఘము సంక్రాంతి సమావేశమున చేసిన ప్రసంగము)



ఈ సభలో నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు అడిగినప్పుడు ముందు వద్దన్నాము. మేము పండితులము కాము. మెట్రిక్యులేషను దగ్గర చదువు ఆపి రైల్వే గుమాస్తా కుర్చీలో కూర్చున్నవారము. వైద్యులము అంతకన్న కాము. అయితే ఆరు నెలలుగా ఈ ఖుర్దారోడ్డు కాలనీలో తెల్లవారకముందే సైకిళ్ళెక్కి పోవుచున్న మమ్ములను చూచి నవ్వినవారు ఈ సభలోనే చాలమంది ఉన్నారు. ఆ నవ్వునకు సమాధానమైనా చెప్పుకొందమని ఒప్పుకొన్నాము.

మేము అనగా ఒకే ఆఫీసులో పనిచేయు నలుగురము. ముగ్గురము తెలుగువారము, ఒకరు ఒడియా మిత్రుడు. అందరిలో చిన్నవానికి 34 ఏండ్లు, పెద్దవానికి 46. రానున్న ఉగాదితో వచ్చు సంవత్సరము పేరు పరాభవ. ఆ పేరు విని కొందరు దిగులుపడుచున్నారు. మాకు ఆ దిగులు లేదు. మా పరాభవము ముందుగానే జరిగిపోయినది. ఆ కథయే ఇప్పుడు చెప్పబోవునది.

2025 జూన్ నెల చివర, పూరీ రథయాత్ర రోజులు. ఆ రోజులలో మన రైల్వేవారికి కుర్చీలో కూర్చొను భాగ్యము ఉండదని మీకు తెలిసినదే. ప్రత్యేకపు బండ్లు, యాత్రికుల గుంపులు. కలము పట్టువారిని కూడ స్టేషను పనికి పంపుదురు. ఒకనాడు కాగితముల కట్ట పట్టుకొని ఒక ప్లాటుఫారము నుండి మరియొక ప్లాటుఫారమునకు వంతెన మీదుగా పరుగెత్తవలసి వచ్చినది. సగము మెట్లు ఎక్కునప్పటికి ఊపిరి అందలేదు. కమ్మీ పట్టుకొని నిలిచిపోయినాము. ఇంతలో మన శ్రీకాకుళము వైపు నుండి వచ్చిన ఒక ముసలమ్మ, నెత్తిన మూట, చంకలో మనుమడు, "కాస్త తప్పుకో నాయనా, దారికడ్డం నిలబడ్డావు" అని మమ్ములను దాటి గబగబ ఎక్కిపోయినది. ఆమె వెనుదిరిగి అయినా చూడలేదు.

తరువాత పది రోజులకు ఆఫీసువారి కొరకు ఆరోగ్య శిబిరము పెట్టినారు. బరువు 79 కిలోలు. నడుము 38 అంగుళములు. పరగడుపున రక్తములో చక్కెర 118. డాక్టరుగారు కాగితము చూచి, "ఇది ఇంకా మధుమేహము కాదు. 100 నుండి 125 వరకు ఉన్నవారు దాని గుమ్మములో నిలిచినవారు. లోపలికి పోవుటయా, వెనుకకు మరలుటయా అన్నది కొంతవరకు మీ చేతిలోనిదే" అన్నారు. మన దేశపు పురుషులకు నడుము 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు దాటిన జాగ్రత్తపడవలెనట. ఆ లెక్కన 38 అంగుళములనగా 96 దాటినవి. 2023లో ప్రకటించిన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనము ప్రకారము మన దేశములో మధుమేహము ఉన్నవారు 10 కోట్లకు పైగా, మావలె గుమ్మములో ఉన్నవారు 13 కోట్లకు పైగా ఉన్నారు. ఇంత పెద్ద గుంపులో మేమున్నామని తెలిసినందువలన ధైర్యమేమీ కలుగలేదు.

"మీ ఇంట ఎవరికైనా గుండెజబ్బు ఉన్నదా?" అని కూడ డాక్టరుగారు అడిగినారు. దానికి మేము కొంతసేపు జవాబు చెప్పలేదు. ఆ సంగతి చివర మనవి చేసెదము.

"ఎప్పుడైనా ఏదైనా వ్యాయామము చేసినారా?" అనగా నలుగురమూ ఒకే మాట చెప్పినాము: సైకిలు. మీలో చేయని వారెవరు? గంటకింత అని అద్దె సైకిలు తెచ్చి, సీటు అందక కడ్డీ క్రిందినుండి కాలు దూర్చి, వంకరగా తొక్కుచు, మోకాళ్ళు చెక్కుకుపోయి, అద్దె గడువు దాటునేమోనని భయపడుచు నేర్చినవారమే అందరము. బడికి సైకిలు, మార్కెటుకు సైకిలు, ముందు కడ్డీ మీద చెల్లెలు, వెనుక క్యారియరు మీద బియ్యపు సంచి. తరువాత ఉద్యోగము వచ్చినది. వాయిదాల మీద మోటారుసైకిలు వచ్చినది. కాలనీ గేటు వద్ద కొత్తిమీర కట్టకు కూడ మోటారుసైకిలే. సైకిలు మానవలెనని మేమెవరము నిశ్చయించుకొనలేదు. ఒకనాడు గాలి దిగినది, కొట్టించలేదు, అంతే. పదునాలుగేండ్లు గడచిపోయినవి.

చెప్పుకొనవలసిన విశేషమొకటి. కార్ల్ డ్రైస్ అను జర్మను దేశస్థుడు రెండు చక్రముల బండిని మొదటిసారి నడిపినది 1817లో. దానికి పెడళ్ళు లేవు. నేలను కాళ్ళతో తన్నుచు పోవలసినదే. మన ప్రక్కనున్న ఖుర్దాలో పాయికులు కంపెనీవారిపై తిరుగబడినది కూడ ఆ 1817లోనే. వెనుక చక్రమునకు చైను గల నేటి రూపము 1885లోను, గాలి టైరు 1888లోను వచ్చినవి. ఆ తరువాత సైకిలులో అసలు సూత్రము మారలేదు. అందుచేతనే, నలుబది ఏండ్ల సైకిలును కూడ నేడు బాగుచేయించుకొని ఎక్కవచ్చును.

మేము చేసిన మొదటి పని అదే. నలుగురిలో ఇద్దరికి ఇంటనే పాత సైకిళ్ళున్నవి. ఒకరు పాతది కొన్నారు, ఒకరు మేనల్లుని సైకిలు తెచ్చుకొన్నారు. మాది క్వార్టరు మెట్ల క్రింద పదిహేనేండ్ల దుమ్ములో ఉన్నది. షాపువాడు దానిని అటు ఇటు త్రిప్పి, "చట్రము గట్టిదే బాబూ, తక్కినదంతా చూడవలెను" అన్నాడు. టైర్లు, ట్యూబులు, చైను, బ్రేకు రబ్బర్లు, సీటు కొత్తవి వేసినాడు. చక్రముల గుండ్లు తీసి, కడిగి, గ్రీజు పెట్టి ఓవరాయిలింగు చేసినాడు. మోటారుసైకిలు కొన్న నెలలో కట్టిన ఒక వాయిదా కన్న తక్కువే అయినది.

మొదటినాటి సంగతి దాచుట ఎందుకు? తెల్లవారుజామున అయిదుంపావుకు, చూచువారుండరని బయలుదేరినాము. సైకిలు తొక్కుట మరవరని అందరూ అందురు. అది నిజమే, మనస్సు మరవదు. తొడలు మరచినవి. రెండు ఫర్లాంగులు పోవునప్పటికి ఆయాసము. మూడవ ఫర్లాంగులో కుక్కలు తరిమినవి. నాలుగవ ఫర్లాంగులో మాలో పెద్దవాడు దిగి, "చైను పడిపోయినట్లున్నది" అన్నాడు. చైను పడలేదు. మేమందరము కూడ దిగి, లేని చైనును పది నిమిషములు చూచినాము. పాలు తెచ్చువాడు ఆగి, సాయము కావలెనా అని అడిగినాడు. ఇదే మా పరాభవము.

ఆ దినమున మేము తెలిసికొన్నది ఒక్కటే. ఇరువది ఏండ్ల వయస్సులో ఎక్కడ దిగితిమో అక్కడనే మరల ఎక్కుదుమని అనుకొనుట పొరపాటు. నేడు ఎక్కడ ఉన్నామో అక్కడ ఎక్కవలెను.

డాక్టరుగారినే మరల అడిగినాము. వారానికి మొత్తము 150 నిమిషములు మొదలు 300 నిమిషముల వరకు, ఆయాసము కొంచెము తెలియునట్లు వ్యాయామము చేయుమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పినదట. అనగా దినమునకు అరగంట, వారమునకు అయిదు రోజులు. అంతవరకు ఒక్కసారి పోనక్కరలేదు. మేము పది నిమిషములతో మొదలుపెట్టి, వారమునకు కొంచెము చొప్పున పెంచినాము. వేగమెంత ఉండవలెనన్నదానికి గడియారము అక్కరలేదు. ప్రక్కవానితో మాట సాగవలెను, పాట సాగరాదు. మాలో ఒకరికి పద్య నాటకముల పిచ్చి ఉన్నది. ఆయన మాటలాడుచున్నంతసేపు సరియైన వేగము. హాయిగా రాగము తీయుచున్నాడంటే అందరము సోమరిగా పోవుచున్నామన్నమాట. నోట మాట రాకపోయినచో హద్దు దాటినాము. ఇంతకన్న సులభమైన కొలబద్ద మాకు దొరకలేదు.

ఇంత తెలిసియు నాలుగవ వారములో తప్పు చేసినాము. ఊపిరి కుదుటపడినది గదా అని ఒక ఆదివారము బరుణై కొండ దాక పోవుదమన్నాము. పోవుటకు, వచ్చుటకు కలిపి దూరము తక్కువ కాదు. మా సైకిళ్ళకు గేర్లు లేవు. ఎర్రమట్టి మిట్టలపై పట్టుదలకు పోయి, దిగకుండ నిలబడి తొక్కినాము. కొండను చూచినాము, సంతోషించినాము, తిరిగి వచ్చినాము. మరునాడు మాలో ఇద్దరము ఆఫీసు మెట్లు దిగలేకపోయినాము. మోకాటి చిప్ప ముందు భాగమున పోటు. మూడు వారములు సైకిలు ముట్టలేదు.

కారణములు తరువాత తెలిసినవి. గుండె, ఊపిరి కొద్ది వారములలోనే అలవాటు పడును. కండరమును ఎముకకు బిగించి ఉంచు పట్టీలు అంత త్వరగా గట్టిపడవు. అందుచేత ఉత్సాహము ముందు నడుచును, మోకాలు వెనుకబడును. మూడవ వారము, నాలుగవ వారము మిక్కిలి జాగ్రత్తగా ఉండవలసిన కాలము. రెండవ కారణము సీటు. కాళ్ళు రెండును నేలకు ఆనవలెనని మేము సీటు బాగా దించుకొన్నాము. దాని వలన మోకాలు అతిగా వంగి, బరువంతయు చిప్ప మీద పడినది. సీటుపై కూర్చుండి, మడమను పెడలుపై పెట్టి క్రిందికి దింపినప్పుడు కాలు తిన్నగా చాచుకొనవలెను. అప్పుడు పాదము ముందు భాగముతో తొక్కినచో మోకాటిలో కొంచెము వంపు మిగులును. అది సరియైన ఎత్తు. మిట్ట వచ్చినప్పుడు దిగి నడిపించుకొని పోవుట పరాభవము కాదు. ఈ మాట మాకు మూడు వారముల ఖరీదు అయినది. మీకు ఊరకనే ఇచ్చుచున్నాము.

ఆ మూడు వారములలో మాలో ఒకరు, "ఇంక ఈ వయస్సులో మనకెందుకు" అన్నాడు. అప్పుడు డాక్టరుగారు ఒక ముచ్చట చెప్పినారు. 1966లో అమెరికాలోని డల్లాసు నగరమున అయిదుగురు ఆరోగ్యవంతులైన ఇరువది ఏండ్ల యువకులను మూడు వారములు మంచము దిగకుండ ఉంచి పరీక్షించినారట. దేహము ఊపిరిని వాడుకొను శక్తి చాల పడిపోయినది. ముప్పది ఏండ్ల తరువాత, వారికి ఏబది ఏండ్లు వచ్చినప్పుడు, ఆ అయిదుగురినే పిలిచి మరల పరీక్షించినారు. ముప్పది ఏండ్ల వయస్సు తగ్గించినదానికన్న, నాడు మూడు వారముల మంచము తగ్గించినదే ఎక్కువట! తరువాత ఆరు నెలలు మెల్లమెల్లగా నడక, పరుగు, కదలని సైకిలు తొక్కుట నేర్పగా, సగటున వారి శక్తి వారి ఇరువది ఏండ్లనాటి మొదటి కొలతకు వచ్చినది. నాడు శిక్షణ పొంది చేరుకొన్న శిఖరమును మాత్రము ఎవరును అందుకొనలేదు. ఈ ముచ్చటలో మాకు కావలసినవి రెండును ఉన్నవి. పోయినదంతా రాదు, చాల వరకు వచ్చును. వయస్సు కన్న కూర్చొనుటయే మనకు ఎక్కువ నష్టము చేయుచున్నది.

మరి కొన్ని చిన్న సంగతులు. మొదటి నెలలో మా బరువు తగ్గలేదు. విచారించగా దోషము తెలిసినది. తొక్కి వచ్చి, స్టేషను బయటి బండి దగ్గర నిలిచి వేడివేడి బరా, ఘుగుని తినుచున్నాము. అరగంటలో ఆర్జించినది అయిదు నిమిషములలో చెల్లించివచ్చుచున్నామన్నమాట. ఇప్పుడు ఇంటికే పోవుచున్నాము. వానలో ఇనుప రిమ్ము తడిసినప్పుడు బ్రేకు వెంటనే పట్టదు. చాల ముందుగా పట్టవలెను. ఇది కూడ పడి నేర్చిన పాఠమే. చీకటిలో పోవువారు ముందు దీపము, వెనుక ఎర్ర దీపము లేక బయలుదేరవద్దు. నెత్తిన హెల్మెటు పెట్టుకొనుటకు సిగ్గుపడవద్దు. రక్తపు పోటుకు, చక్కెరకు మందులు వాడువారు, రొమ్ములో నొప్పి ఎన్నడైన ఎరిగినవారు, ముందు డాక్టరును అడిగి మాత్రమే మొదలుపెట్టవలెను. ఇన్సులిను వాడువారు జేబులో చక్కెర పొట్లము ఉంచుకొనుట మంచిది.

ఇక సోదరీమణులకు ఒక మాట. మా ఇండ్లలో మేము సైకిలెక్కినప్పుడు, "మీకు షోకు, మాకు వంటిల్లు" అన్నారు. న్యాయమే. 1990ల తొలి సంవత్సరములలో తమిళనాడులోని పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమముతోపాటు పల్లె స్త్రీలు వేలకు వేలుగా సైకిలు నేర్చినారు. నీళ్ళకు, సంతకు, పనికి ఎవరినీ అడుగకుండ పోగలిగినారు. వారికి లేని సంకోచము మనకెందుకు? మాలో ఒకరి భార్య కార్తీకము నుండి మాతో వచ్చుచున్నది. ఆమె ఉదయము అరగంట వచ్చుటకు వీలుగా టిఫిను పని భర్త తన మీద వేసికొన్నాడు. ఉప్మాలో ఉప్పు ఎప్పుడైన ఎక్కువగునని ఆమె ఫిర్యాదు. తక్కిన ఏర్పాటు బాగున్నది.

లెక్క చెప్పకుండ గుమాస్తా ప్రసంగము ముగియదు. ఆరు నెలలకు మా బరువు 79 నుండి 74కు, నడుము 38 నుండి 35న్నరకు, పరగడుపు చక్కెర 118 నుండి 103కు వచ్చినవి. గుమ్మము ఇంకను పూర్తిగా దాటిరాలేదు. మాలో పెద్దవాని రక్తపు పోటు మాత్రలు అలాగే నడుచుచున్నవి; డాక్టరు చెప్పక మానరాదు. ఒడియా మిత్రుడు డిసెంబరులో విరమించుకొన్నాడు. ఆయనను ఎవరును తప్పుపట్టవద్దు. విరమించినవాడు మరల ఎక్కవచ్చునన్నదే గదా మా ప్రసంగ విషయము.

ఇప్పుడు డాక్టరుగారి ప్రశ్న. మీ ఇంట ఎవరికైనా గుండెజబ్బు ఉన్నదా?

మెట్ల క్రింద ఉన్న సైకిలు మా నాన్నగారిది. 1979లో వ్యాగన్ల ఫిట్టరుగా ఉద్యోగములో చేరినప్పుడు కొన్నది. ఇరువది ఏండ్లకు పైగా ఆ సైకిలు మీదనే డ్యూటీకి పోయినారు. మీలో చాలమంది ఆ బెల్లు చప్పుడు ఎరుగుదురు. 2001లో మోపెడు కొన్నారు. 2011లో, 53వ ఏట, రాత్రి డ్యూటీ నుండి వచ్చి, చొక్కా విప్పుచు పడిపోయినారు. కారుణ్య నియామకముతో వచ్చినదే మా ఈ కుర్చీ. ఈ కుర్చీలో కూర్చునే మేము ఆయన దారి పట్టబోయినాము.

సైకిలు తొక్కినవారు పోలేదా అని మీరు అడుగవచ్చును. మేము కూడ ఆ ప్రశ్న వేసికొన్నాము. ఆయన చివరి పదేండ్లు తొక్కలేదు. బీడీలు మానలేదు. రక్తపు పోటు ఒక్కనాడు చూపించుకొనలేదు. సైకిలు తాయెత్తు కాదు. కట్టుకొన్నవారిని అన్ని ఆపదల నుండి కాపాడునని మేము చెప్పుట లేదు. చూపించుకొనుట, పొగ మానుట, ఉప్పు తగ్గించుట, వీటితోపాటు అది ఒకటి. అయినను, ఆయన నలుబది మూడవ ఏట ఆ సైకిలు దిగకుండ ఉన్నచో, దిగినా ఒక సంవత్సరమునకు మరల ఎక్కియున్నచో, ఏమగునోనని ఉదయము పెడలుపై కాలు పెట్టినప్పుడెల్ల అనుకొందుము.

పాత ఇనుము వాడు ఎన్నిసార్లు అడిగినా మా అమ్మ దానిని అమ్మనీయలేదు. ఓవరాయిలింగు అయి వచ్చిననాడు ఆమె బయటకు వచ్చి చూచి, ఏమీ అనక, కొంగుతో సీటు తుడిచి లోపలికి పోయినది. ఇప్పుడు మా తొమ్మిదేండ్ల పిల్లవాడు దాని కడ్డీ క్రింద కాలు దూర్చుటకు ప్రయత్నించుచున్నాడు.

పెద్దలకు మా విన్నపము ఒక్కటే. 1890లలో ఈ తూర్పు తీరపు రైలుమార్గము పడినప్పటినుండి పని వెదకికొని వచ్చిన కుటుంబములు మనవి. బియ్యము, పచ్చళ్ళు, పండుగలు, భాష అన్నియు వెంట తెచ్చుకొని నిలుపుకొన్నాము. ఆరోగ్యమును నిలుపుకొనకపోయినచో వాటిని పిల్లలకు అందించువారెవరు? ఈ కాలనీలో ఎన్ని మెట్ల క్రింద ఎన్ని సైకిళ్ళు తుప్పుపట్టుచున్నవో చూడండి. ఉగాదికి ముందు ఆదివారము ఉదయము మన సంఘ భవనము ముందు షాపువానిని కూర్చుండబెట్టుటకు ఏర్పాటు చేసినాము. పాత సైకిళ్ళు తీసికొని రండి. గాలి, నూనె మా ఖర్చు. సామానుల ఖర్చు మీది. ఉగాది తెల్లవారి పచ్చడి తినకముందు అందరము కలిసి పది నిమిషములు తొక్కుదము. పది నిమిషములే. బరుణై కొండ మాట ఎవరును ఎత్తవద్దు.

నవ్వువారు గేటు దగ్గర నిలబడి నవ్వవచ్చును. వారి సైకిలు కూడ వెంట తెచ్చుకొన్నచో మరీ సంతోషము.